మోటారు కారు తలుపు తాళము - దాని పూర్వకథ

పాత కారు కొన్నవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. ఇంజను బాగానే ఉండును, బ్రేకులు పట్టును. కాని కుడివైపు తలుపునకు ఒక తాళపుచెవి, ఎడమవైపు తలుపునకు వేరొకటి, డిక్కీకి మూడవది. ఎప్పుడో ఒక తాళము చెడిపోగా, ఎవరో మేస్త్రీ చేతికి దొరికిన తాళము తెచ్చి బిగించి ఉండును. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. కారు చేతులు మారినప్పుడెల్ల దాని తాళపుచెవులు కూడ చేతులు మారి ఉండును. పాత యజమానుల వద్ద, వారి డ్రైవర్ల వద్ద ఎన్ని మిగిలిపోయినవో ఎవరికిని లెక్క తెలియదు.

అట్టి తాళమును పారవేయనక్కరలేదు. దానిని తలుపునుండి ఊడదీసి, లోపలనున్న సన్నని ఇత్తడి పలకలను మార్చి మరల బిగించినచో, అదే తాళము పాత చెవికి లొంగక మనము కోరిన చెవికే లొంగును. తలుపు మారలేదు, యంత్రము మారలేదు, మారినది రహస్యమొక్కటే. ఇది ఇప్పుడు మనకు సామాన్యముగా తోచును. కాని తాళములో యంత్రము వేరు, రహస్యము వేరు అను తెలివి చాల ఆలస్యముగా వచ్చినది. అది స్థిరపడుటకు 1851లో లండను నగరములో పెద్ద రగడయే జరుగవలసి వచ్చినది.

ప్రాచీన ఈజిప్టులో కొయ్యతాళములుండెడివి. తలుపు గడియలో రంధ్రములు, వాటిలోనికి పైనుండి జారిపడు కొయ్యచీలలు, ఆ చీలలను పైకెత్తుటకు పండ్లున్న కర్ర - ఆ కర్రయే తాళపుచెవి. ఈ చీలల మాట పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను, మనము మరల దానివద్దకు రావలసి ఉన్నది. తరువాత యూరపులో శతాబ్దములపాటు వాడుకలోనున్న ఇనుప తాళములలో చాలవరకు వేరొక పద్ధతిని చేసినవి. తాళము కడుపులో వంకరటింకర అడ్డుకట్టలుండును. ఆ అడ్డులను తప్పించుకొనునట్లు కోసిన చెవి మాత్రమే లోపల తిరుగును. చూచుటకు ఇది గొప్ప ఏర్పాటే. అయితే ఆ అడ్డులను ఒకసారి తెలిసికొన్నవాడు, అక్కరలేని లోహమునంతను అరగదీసిన ఒక్క మారుతాళపుచెవితో అట్టి తాళములను ఎన్నిటినైన తెరువగలడు. ఇక్కడ రక్షణ యంతయు లోపలి అమరిక పరులకు తెలియకపోవుటపైననే ఆధారపడి ఉన్నది.

1778లో రాబర్ట్ బారన్ అను ఆంగ్లేయుడు పొందిన పేటెంటుతో మార్పు మొదలైనది. అతని తాళములో మీటలను ఒక నిర్ణీతమైన ఎత్తునకు లేపవలెను. తక్కువ లేపినను తెరుచుకొనదు, ఎక్కువ లేపినను తెరుచుకొనదు. 1784లో జోసెఫ్ బ్రామా మరింత నేర్పుగల తాళమునకు పేటెంటు పొందినాడు. గుండ్రని గొట్టమువంటి చెవిని లోనికి నొక్కినప్పుడు, దాని అంచుననున్న గాళ్ళు లోపలి జారుడు కడ్డీలను ఒక్కొక్కదానిని ఒక్కొక్క లోతునకు నెట్టును. అన్నియు సరియైన లోతునకు చేరిననే తాళము తిరుగును. ఇంత సన్నని పనిని చేతితో వేలకొలది చేయుట కష్టము. అందుచేత బ్రామా కార్ఖానాలో హెన్రీ మాడ్స్లే అను యువకుడు ఈ తాళముల భాగములను చేయుటకే ప్రత్యేక యంత్రములు నిర్మించినాడు. తరువాతికాలములో లేతు యంత్రములను తీర్చిదిద్ది ప్రసిద్ధికెక్కిన మాడ్స్లే ఇతడే. యంత్రములను చేయు యంత్రముల చరిత్రలో తాళమునకు ఇంత పాత్ర ఉన్నదని చాలమందికి తెలియదు.

బ్రామాకు తన తాళముపై ఎంత నమ్మకమనగా, పికడిలీ వీధిలోని తన దుకాణపు కిటికీలో 18 కడ్డీల తాళమొకటి ప్రదర్శించి, దానిని తెరువగల సాధనము చేసినవారికి 200 గినీలు ఇత్తుమని ప్రకటన పెట్టించినాడు. ఆ ప్రకటన ఇంచుమించు అరువది యేండ్లు అట్లే ఉండిపోయినది. ఇంతలో 1818లో జెరిమయా చబ్ మరొక తాళము చేసినాడు. దొంగ ఎవడైన ఒక మీటను మితిమీరి లేపినచో ఒక కొక్కెము బిగుసుకొనిపోయి, యజమాని తిరిగివచ్చి తాళము తీయబోవునప్పుడు సంగతి తెలియజేయును. ఈ రెండు తాళములును అభేద్యములని ఇంగ్లండులో ప్రతీతి.

1851లో లండనులో మహాప్రదర్శనము జరిగినది. దానికి అమెరికానుండి ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అను తాళముల నిపుణుడు వచ్చినాడు. జూలై 22న సాక్షుల ఎదుట చబ్ తాళమును 25 నిమిషములలో తెరిచినాడు. మరల దానిని చెక్కుచెదరకుండ 7 నిమిషములలో మూసినాడు. దొంగను పట్టించవలసిన ఆ కొక్కెమే అతనికి దారి చూపినది. ఏ మీటను ఎక్కువ లేపినప్పుడు కొక్కెము పట్టుచున్నదో గమనించినచో, ఆ మీట ఎత్తు ఎంతో తెలిసిపోవును గదా! తరువాత బ్రామా తాళమునకు పూనుకొన్నాడు. ఇది అంత సులభము కాలేదు. 16 దినములలో మొత్తము 51 గంటలు పనిచేసి ఆగస్టు మాసములో దానిని కూడ తెరిచి 200 గినీలు పుచ్చుకొన్నాడు.

హాబ్స్ చేసినది ఇంద్రజాలము కాదు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఇందులోని కిటుకును బాగుగా గ్రహింపదగును. ఏ కార్ఖానాలోనైనను రెండు భాగములు అచ్చముగా ఒకే కొలతతో రావు. వెంట్రుకవాసి తేడా ఉండి తీరును. తాళమును తిప్పుటకు నెమ్మదిగా బలము ప్రయోగించి అట్లే పట్టియుంచినచో, ఆ బలము 18 కడ్డీలపైన సమానముగా పడదు. ముందుగా ఏదో ఒక కడ్డీ మాత్రమే బిగుసుకొనును. దానిని కొంచెము కొంచెముగా నెట్టుచు పోగా, సరియైన లోతు వచ్చినప్పుడు అది వదులై తాళము రవంత తిరుగును. అప్పుడు రెండవ కడ్డీ బిగుసుకొనును. ఈ విధముగా 18 కడ్డీల సమస్యను ఒకేసారి కాక, ఒక్కొక్క కడ్డీగా 18 సార్లు పరిష్కరించవచ్చును. కడ్డీల సంఖ్యను బట్టి కోట్లకొలది అమరికలు సాధ్యమని గణితము చెప్పినను, లోహము ఆ గణితమును పూర్తిగా పాటించలేదు.

లండను పత్రికలలో పెద్ద వాదము చెలరేగినది. తాళముల లోపములను బహిరంగముగ చెప్పుట దొంగలకు చదువు చెప్పుటయే యని కొందరన్నారు. దీనికి సమాధానము 1853లో, చార్లెస్ టాంలిన్సన్ సంపాదకత్వమున హాబ్స్ సమకూర్చిన విషయములతో వెలువడిన తాళ నిర్మాణ గ్రంథములో కనబడును. దొంగలు తమ వృత్తిలో ఆరితేరినవారు, వారికి ఈ లోపములు ఇదివరకే తెలియును. తెలియనిది తాళము కొని నిశ్చింతగా నిద్రించు గృహస్థునకే - అని ఆ వాదము యొక్క సారాంశము. నాకు ఈ వాదమే సబబుగా తోచును. నిజానికి ఆ రగడ తరువాతనే తాళములు చేయువారు తమ తాళములను మెరుగుపరచుటకు పరుగులు పెట్టినారు.

కొంతకాలమునకు ఇదే భావము తాళముల నుండి గూఢలిపి శాస్త్రములో కూడ కనబడినది. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అను పండితుడు పారిస్‌లోని సైనిక విజ్ఞాన పత్రికలో వ్రాయుచు, సైన్యము వాడు గూఢలిపి పద్ధతి శత్రువు చేతబడినను నష్టము ఉండరాదనియు, రహస్యము మార్చుకొనదగిన చెవిలో మాత్రమే ఉండవలెననియు నియమము చేసినాడు. అతడు చెప్పినది అక్షరములను గురించి. కాని అందులోని సూత్రము కారు తలుపును ఊడదీసిన మేస్త్రీకి కూడ వర్తించును.

ఇక కారు తాళమునకు తాతవంటి తాళమును చూతము. అమెరికాలో లైనస్ యేల్ అను తండ్రి 1840 ప్రాంతములలోను, అదే పేరుగల అతని కుమారుడు 1861, 1865 సంవత్సరములలోను పేటెంట్లు పొంది, ఈజిప్టు కొయ్యచీలలకు లోహముతో పునర్జన్మ నిచ్చినారు. లోపల తిరుగు ఒక సిలిండరు, దాని చుట్టును కదలని ఒక గుల్ల. రెంటిని కలుపుచు రంధ్రములు, రంధ్రములలో రెండేసి ముక్కలుగా ఉన్న చీలలు. గాళ్ళు కోసిన బల్లపరుపు చెవి లోనికి పోయినప్పుడు ప్రతి చీలలోని అతుకును సిలిండరు అంచునకు సరిగా తెచ్చును. అప్పుడు సిలిండరు తిరుగును. అతుకు రవంత పైకి ఉన్నను, క్రిందికి ఉన్నను చీల అడ్డుపడును. చిన్న చెవి, చిన్న తాళము, చీలలు మార్చినచో కొత్త రహస్యము. మన ఇండ్ల తలుపులకు నేటికిని వాడుచున్న తాళములలో అనేకము ఈ జాతివే.

1868లో ఫైలో ఫెల్టర్ అను మరొక అమెరికనుడు చీలలకు బదులు పలకలు పెట్టి తాళము చేసి పేటెంటు పొందినాడు. ఈ పలకల తాళమే కారునకు దక్కినది. ఇందులో సిలిండరుకు అడ్డముగా సన్నని చీలికలుండును. ఒక్కొక్క చీలికలో ఒక ఇత్తడి పలక, దాని నడుమ చెవి దూరుటకు కంత, ప్రక్కన చిన్న స్ప్రింగు. చెవి లేనప్పుడు స్ప్రింగులు పలకలను సిలిండరు వెలుపలికి నెట్టి గుల్లలోని గాడిలో నిలుపును. అన్ని పలకలకును బయటి కొలత ఒక్కటే. నడిమి కంత మాత్రము ఒకదానిలో పైకి, ఒకదానిలో క్రిందికి ఉండును. అసలు చెవి దూరగానే పలకలన్నియు సిలిండరులోనికి ఒదిగిపోవును. ఇంటి తాళముకంటె ఇది తేలిక రక్షణయే. కాని చౌక, చిన్నది, దుమ్ముకు ఓర్చుకొనును, అచ్చుపోసిన జింకు మిశ్రమముతో లక్షలకొలది చేయవచ్చును. కార్ల పరిశ్రమకు కావలసినది అదియే.

మొదట కారునకు తాళముతో పనియే లేకపోయినది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల బండికి తలుపే లేదు! 1919లో కూడ అమెరికాలో అమ్ముడైన కార్లలో పైకప్పు, అద్దములు అమర్చిన మూతబండ్లు పదింట ఒక వంతు మాత్రమే. గుడారపు గుడ్డ కప్పిన బండి తలుపునకు తాళము వేసి లాభమేమి? కాబట్టి ఇంజను మీటకే తాళము పెట్టెడివారు. ఫోర్డు కంపెనీవారి మోడల్ టి కార్లకు 1919 తరువాత వచ్చిన మీటలకు 24 రకముల చెవులు మాత్రమే ఉండెడివి. అనగా ఒక ఊరిలో అట్టి కార్లు 25 ఉన్నచో, వానిలో కనీసము రెంటికి ఒకే చెవి ఉండి తీరవలెను. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చెప్పినచో పిల్లలు సరదాపడుదురు. అదే సంవత్సరము అమెరికా ప్రభుత్వము దొంగిలించిన కార్లను ఒక రాష్ట్రమునుండి మరొక రాష్ట్రమునకు తరలించుటను నేరముగా శాసించినది. దొంగతనము అంతగా ప్రబలినది. 1927 నాటికి మూతబండ్ల వంతు నూటికి 85కు పెరిగినది. తలుపు తాళమునకు అప్పుడు అర్థమేర్పడినది.

పలకలు ఆరు, ఒక్కొక్క దానికి నాలుగు ఎత్తులు అనుకొన్నచో, సాధ్యమైన చెవులు నాలుగును ఆరుసార్లు గుణించగా వచ్చు 4096. కొన్ని అమరికలు మరీ సులువైనవని కంపెనీలు వదలివేయును గనుక అసలు సంఖ్య ఇంకను తక్కువ. పదివేల కార్లకు ఇట్టి తాళములే పెట్టినచో, ఏవేని మూడు కార్లకైనను ఒకే చెవి పట్టక తప్పదు. అయితే ఏ మూడింటికో దొంగకు తెలియదు. వాడు కారు వెంట కారు ప్రయత్నించుచు వీధిలో నిలబడలేడు. తాళము ఇచ్చునది సంపూర్ణ రక్షణ కాదు, దొంగకు ఆలస్యము మాత్రమే.

ఇప్పుడు తాళమును ఊడదీయు పని చూతము. 1950ల చివరినుండి 2014 వరకు ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడరు మొదలుకొని ఏ పాత కారైనను, వివరములు వేరైనను పని తీరు ఇంచుమించు ఒక్కటే. కిటికీ అద్దమును పూర్తిగా పైకెత్తి, అద్దము త్రిప్పు పిడిని, లోపలి తలుపు పిడిని విప్పి, లోపలి అట్టను మేకులనుండి నెమ్మదిగా పెకలించవలెను. అప్పుడు తలుపు డొల్ల కనబడును. కొన్ని కార్లలో తాళపు సిలిండరు బయటి పిడిలోనే ఇమిడి ఉండును. కొన్నిటిలో రేకులో వేరుగా ఉండి, లోపలినుండి గుర్రపునాడా ఆకారపు స్ప్రింగు పట్టీతో నిలిచి ఉండును. పట్టీని ప్రక్కకు లాగి, కడ్డీని తప్పించినచో సిలిండరు బయటివైపునకు వచ్చివేయును. తొందరపడి పట్టీని డొల్లలో జారవిడిచినవారు దానిని వెదకుటకే ఎక్కువ కాలము వెచ్చింతురు.

సిలిండరు చేతికి వచ్చిన తరువాత దానిలో మనము ఉంచదలచిన చెవిని దూర్చి చూడవలెను. ఏ పలక బయటకు పొడుచుకొని ఉన్నదో దానిని తీసి, కంత ఎత్తు సరిపోవు మరొక పలకను వేయవలెను. కొందరు మేస్త్రీలు ఈ శ్రమ పడక, పొడుచుకొన్న పలక అంచును ఆకురాయితో అరగదీయుదురు. చెవి తిరుగును, యజమాని సంతోషించును. కాని అరిగిన పలక గాడిని సరిగా పట్టదు. అట్టి తాళము ఒక చెవికి బదులు అనేక చెవులకు లొంగును. ఇది తాళమును మరమ్మతు చేయుట కాదు, చంపుట. అట్లే అరిగిన చెవిని చూచి కొత్త చెవి కోయించుట కూడ మంచిది కాదు. నకలుకు నకలు తీసినకొలది తప్పు పెరుగును. పలకల ఎత్తుల నడుమ తేడా మిల్లీమీటరులో సగము అటూయిటూ మాత్రమే గనుక, రెండు మూడు నకళ్ళకే అసలు కొలత తప్పిపోవును. చెవి సంఖ్య తెలిసినచో దానిని బట్టి కోయించుటయే క్షేమము.

తలుపు డొల్లలో ఈ సిలిండరుతోపాటు మరొక వస్తువు కనబడును. తలుపు అంచున ఉండి, కారు స్తంభమునకు బిగించిన ఇనుప కొక్కెమును పట్టుకొనునట్టి గొళ్ళెము అది. తాళము చెవి మాట వినును. తలుపును నిజముగా మూసి ఉంచునది గొళ్ళెము. పాత కార్లలో దానిని ఉపేక్షించరాదు. 1950 దశకములో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు వేలకొలది కారు ప్రమాదములను పరిశీలించి, గొళ్ళెము వదలి తలుపు తెరుచుకొనగా బయటకు విసిరివేయబడినవారు, లోపలనే ఉన్నవారికంటె అనేక రెట్లు ఎక్కువగా మరణించుచున్నారని తేల్చినారు. అంతకుపూర్వము, కారునుండి బయటపడుటయే మేలని జనులలో ఒక నమ్మకముండెడిది! ఆ పరిశోధన ఫలితముగా 1956 మోడల్ కార్లలో గట్టి గొళ్ళెములు రాసాగినవి. 1968 జనవరి 1 నుండి అమెరికాలో తలుపు గొళ్ళెములకు చట్టబద్ధమైన ప్రమాణము అమలులోనికి వచ్చినది. కాబట్టి తాళము మార్చుటకు తలుపు విప్పినవారు గొళ్ళెము అరుగుదలను, మేకుల బిగువును కూడ చూచుకొనవలెను. దొంగకు తలుపు తెరుచుకొన్నచో పోవునది కారు. మలుపులో తెరుచుకొన్నచో పోవునది ప్రాణము.

పలకల తాళమునకు తోడుగా విద్యుత్తు 1986లో వచ్చినది. ఆ యేడు అమెరికాలో కార్వెట్ కారు తాళపుచెవిలో చిన్న నిరోధకమును పొదిగినారు. దాని విలువ సరిపోయిననే ఇంజను కదలును. నిరోధకములు 15 రకములు మాత్రమే - మోడల్ టి 24 చెవుల కథ మరల మొదటికి వచ్చినట్లే! 1990 దశకములో రేడియో తరంగములతో పలుకరించు చిప్పు చెవిలోనికి చేరినది. అయితే కొన్ని కంపెనీలు ఆ చిప్పులోని లెక్కవిధానమును బయటపెట్టక, ఆ గోప్యతనే రక్షణగా నమ్ముకొన్నవి. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒక ప్రయోగశాల సహకారముతో, అట్టి చిప్పు ఒకదాని లెక్కను బయటినుండియే ఊహించి తెలిసికొని, దానితో ఒక కారును కదిలించి చూపినారు. దానిలోని రహస్య సంఖ్యకు 40 బిట్ల పొడవే ఉండుటచేత యంత్రములతో వెదకి పట్టుట సాధ్యమైనది. కెర్కాఫ్స్ 1883లో చేసిన హెచ్చరికను పాటింపని ఫలితమిది.

బర్మింగ్‌హామ్, నైమేగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు మెగామోస్ అను మరొక చిప్పులో లోపములు కనుగొని, 2013లో వ్యాసము ప్రకటింపబోయినారు. ఆ చిప్పు వాడుచున్న ఫోక్స్‌వాగన్ కంపెనీ, మరికొందరు కోర్టుకెక్కినారు. దొంగలకు దారి చూపినట్లగునన్నది వారి వాదము. అది హాబ్స్‌ను లండను పత్రికలు అడిగిన ప్రశ్నయే. ఈసారి కూడ విచారణ లండనులోనే జరిగినది. 1851లో హాబ్స్ చేతికి 200 గినీలు దక్కినవి. 2013లో కోర్టు ప్రచురణను ఆపినది. ఉభయులకును సమ్మతి కుదిరిన తరువాత, 2015లో ఆ వ్యాసము ఒకే ఒక్క వాక్యము తొలగింపబడి వెలువడినది.